ఆ మొదటి పేరా కొట్టెయ్

తమ్ముడూ,

లైట్ మ్యూజిక్ మీద నువ్వు రాసిన వ్యాసం నిన్న రాత్రి చదివాను. బాగానే రాశావు గానీ మొదటి పేరా చూసి ఒళ్లు మండింది. "ఇవేం గొప్ప పాటలు కావు, కాలక్షేపానికి వినేవే, అయినా..." అని మొదలుపెట్టావు. ఎవరికయ్యా ఆ క్షమాపణ? బెజవాడ సత్యనారాయణపురం శాస్త్రీయ సంగీత కచేరీల్లో ముందు వరసలో కూర్చునే పెద్దలకా? వాళ్లలో సగం మంది ఇంటికెళ్లి స్నానం చేస్తూ కూనిరాగం తీసేది ఈ పాటలే.

లైట్ మ్యూజిక్ అన్నదాన్ని మనవాళ్లు తేలిక సంగీతం అనలేదు, లలిత సంగీతం అన్నారు. శిల్పాన్నీ చిత్రలేఖనాన్నీ కవిత్వాన్నీ లలిత కళలు అనేదీ ఆ మాటతోనే కదా. 1948 డిసెంబరు 1న మొదలైన మన బెజవాడ రేడియో స్టేషన్లో రజనీకాంతరావు గారి లాంటి పండితుడు, త్యాగరాజు శిష్యపరంపరలో వచ్చిన బాలమురళి గారు ఇద్దరూ పనిచేశారు, లలిత గీతమంటే చిన్నచూపు చూసినవాళ్లు కారు. అంతెందుకు, ముత్తుస్వామి దీక్షితార్ తెల్లదొరల బ్యాండు బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టాడు. ఇంగ్లండు రాజుగారి గీతం బాణీ కూడా వాటిలో ఉంది. ఆ నోట్టుస్వరాలు ఇవాళ్టికీ పిల్లలకు నేర్పుతున్నారు.

అలాగని అన్నీ గొప్పవని రాయమనడం లేదు, చెత్త బోలెడంత ఉంది. కానీ బాగున్న పాట ఎందుకు బాగుందో నువ్వు చెప్పాలి. "మధురంగా ఉంది" అని మూడుసార్లు రాశావు, ఏది మధురం? బాణీలో స్వరం సాగేచోట దీర్ఘాక్షరం పడిందా లేదా చూశావా? అక్కడ హ్రస్వం పడితే పాడేవాళ్లు దాన్ని లాగి లాగి మాటను ఖూనీ చెయ్యాల్సిందే. మన అప్పికట్ల ఊరి సినీకవి కోసరాజు గారి పాటలు తీసుకో, పల్లవి రెండోసారి వచ్చేసరికి పక్కనున్నవాడు అందుకుంటాడు, ఎక్కడా నాలుక తడబడదు. ఆయన 1955లో రాసిన ఏరువాక పాట బాణీ 1960కల్లా ఎస్.డి.బర్మన్ సంగీతంలో హిందీలోకి వెళ్లింది. అంత సులువుగా వినిపించడం ఎంత కష్టమో నువ్వే ఒక పల్లవి రాసి చూడు, తెలుస్తుంది.

నీ వయసులో నేను ఇంతకంటే దరిద్రప్పని చేశాను. గుంటూరు బ్రాడీపేటలో శ్రీరామనవమి పందిరి, ఆర్కెస్ట్రా. వెటకారంగా ఏదో రాద్దామనే వెళ్లాను. మూడో పాటకే గాయని గొంతు బొంగురుపోయింది, పై స్థాయి అందడం లేదు. చరణం అయ్యాక మ్యూజిక్ బిట్ వాయిస్తూనే కీబోర్డు కుర్రాడు ఆమె వైపు ఒకసారి చూశాడు, ఒక మీట నొక్కి స్కేలు ఒక మెట్టు దించేశాడు. పాత స్కేలుకు శ్రుతి చేసిన తబలా ఇప్పుడు కలవదు కదా? తబలా ఆయన తలెత్తకుండానే దాన్ని పక్కకు నెట్టి, శ్రుతి పట్టింపు అంతగా లేని డోలక్ ఒళ్లోకి లాక్కున్నాడు. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. ఆమె పల్లవి హాయిగా అందుకుంది, జనం వడపప్పు తింటూ ఈలలేశారు, ఎవరికీ ఏమీ తెలియలేదు. నాకు తెలిసింది. తెలిసీ మర్నాడు "మైకుల గోల" అని రాసి పంపాను, అచ్చయింది కూడా. ఆ ముక్క ఇప్పటికీ నా ఫైల్లో ఉంది, తీసి చూడాలంటే సిగ్గేస్తుంది.

నీ వ్యాసంలో అలాంటి చోటు ఒకటుంది, నాలుగో పేజీలో, మీ మేనత్త పెళ్లిలో బ్యాండు మేళం క్లారినెట్ ఆయన ఊపిరి పట్టిన సంగతి. దాన్ని రెండు లైన్లలో దాటేశావు. అక్కడ ఆగు, ఇంకో పేజీ రాయి. మొదటి పేరా తీసేసి ఆదివారంలోగా పంపు, సోమవారం నేను హైదరాబాద్ వెళ్తున్నాను.

మీ అన్నయ్య