పాత మ్యాపులు, కాగితం పిట్టలు: మీ ప్రశ్నలకి నా జవాబులు

పోయిన నెల సంచికలో నా పని గురించి చిన్న పరిచయం వేశారు కదా, పాత మ్యాపుల్ని కత్తిరించి పిట్టలు చేస్తానని, ఎవరైనా ఆర్డర్ ఇస్తే వాళ్ళ ఊరున్న మ్యాప్‌తోనే చేసిస్తానని. అది చదివి మీరు రాసిన ఉత్తరాలన్నీ ఎడిటర్ గారు ఒక పెద్ద కవర్లో పెట్టి మా ఇంటికి పంపించారు. రెండు రాత్రులు కూర్చుని అన్నీ చదివాను. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఎక్కువమంది అడిగినవి తీసుకున్నా.

మేడం, మా తాతగారు సర్వే డిపార్ట్‌మెంట్‌లో చైన్‌మన్‌గా, అంటే కొలత గొలుసు పట్టే పని, చేశారు. ఆయన ట్రంకు పెట్టెలో వెనక గుడ్డ అతికించిన పెద్ద మ్యాప్ ఒకటి, చేత్తో గీసిన చిన్న కాగితాలు కొన్ని దొరికాయి. మా నానమ్మకి సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం, ఆ కాగితాలతో పాలపిట్ట చేయించి ఇద్దామని మా అక్క అంటోంది, వాటి మీద కత్తి పెట్టడానికి వీల్లేదని మా నాన్న. ఏం చేయమంటారు?
గాజువాక నుంచి ఒక పాఠకుడు

ముందు ఆ చేత్తో గీసిన కాగితాల సంగతి చెప్తాను. వాటిని ఎవ్వరికీ ఇవ్వకండి, నాక్కూడా. సర్వే నంబర్లు, గట్ల కొలతలు ఉన్నాయంటే అవి ఎఫ్ఎంబీ (పొలాల కొలతలు గీసి ఉంచే సర్వే పుస్తకం) స్కెచ్‌లకి నకళ్ళో, తాతగారు ఫీల్డ్‌లో రాసుకున్న నోట్సో అయి ఉంటాయి. అలాంటి కాగితం ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది, పైగా రేపు ఏ పొలం గొడవలోనో ఎవరికైనా అవసరం పడొచ్చు కూడా. నేను ఆర్డర్ తీసుకునేముందు ప్రతిసారీ ఒకటే ప్రశ్న అడుగుతాను, ఇలాంటిది ఇంకోటి ఎక్కడైనా ఉందా అని. లేదంటే కత్తి తియ్యను. మొదట్లో ఈ పట్టింపు నాకు ఉండేది కాదు, ఒకసారి ఒకాయన తెచ్చిన ఊరి పటం కోసేశాక, దాని వెనక పెన్సిల్‌తో చెరువుల పేర్లు, కాలవల పేర్లు రాసి ఉన్నాయని తర్వాత చూశాను, ఆయన ఏమీ అనలేదు గానీ నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఇక గుడ్డ అతికించిన మ్యాప్. అది సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ టోపోషీట్, అంటే కొండలూ ఏళ్ళూ ఊళ్ళూ వివరంగా చూపించే మ్యాప్, అయి ఉండొచ్చు, పైన మూలలో షీట్ నంబర్ ఉంటుంది చూడండి. మన విశాఖ ఊరున్న షీట్లు 65 ఓ కిందకి వస్తాయి. ఆ సంస్థ 1767 నుంచీ ఉంది, ఇప్పుడు ఆఫీసు డెహ్రాడూన్‌లో. పాత షీట్లు ఒక అంగుళానికి ఒక మైలు లెక్కన ఉంటాయి, ఇప్పటివి యాభై వేలకి ఒకటి, అంటే మ్యాప్ మీద ఒక సెంటీమీటరు నేల మీద అర కిలోమీటరు. ఇవి అచ్చు వేసినవి కాబట్టి వేరే కాపీలు ఎక్కడో ఒకచోట ఉంటాయి. అయినా మీది కొయ్యమని నేను చెప్పను, ఎందుకంటే తాతగారి చేతి మడతలు దాని మీద ఉన్నాయి. మంచి స్కానింగ్ చేయించండి, మందపాటి కాటన్ కాగితం మీద ప్రింట్ తీయండి, ఆ ప్రింట్‌తో పిట్ట చేద్దాం. ఇది స్కాన్ నుంచి చేసింది, అసలు మ్యాప్ ఇంట్లో ఉంది అని వెనకాల రాస్తాను కూడా. అక్క కోరికా తీరుతుంది, నాన్నగారి మాటా నిలబడుతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం, సముద్ర తీరం షీట్లలో కొన్నిటి మీద రిస్ట్రిక్టెడ్ అని అచ్చు వేసి ఉంటుంది, అలా ఉంటే స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళకండి, నాక్కూడా పంపకండి, దాన్ని అలాగే ఉంచేయండి, పిట్టకి వేరే మ్యాప్ చూద్దాం.

పాలపిట్టకి రంగులు ఎక్కడివి అని మీ అక్కగారు అడిగారట కదా. టోపోషీట్‌లో కొండల ఎత్తు చూపించే గీతలు గోధుమ రంగులో ఉంటాయి, పాడేరు అరకు వైపు అవి దువ్వెన పళ్ళంత దగ్గరగా వస్తాయి, పాలపిట్ట రొమ్ముకి అంతకంటే మంచి ఈకలు నేను గీసినా రావు. నీలం మాత్రం టోపోషీట్‌లో చాలదు, దానికి ఓడల చార్టులు, అంటే ఓడలు నడిపేవాళ్ళు చూసుకునే సముద్రం మ్యాపులు, వాడతాను, వాటి గురించి కింద చెప్తా. దసరా నాడు పాలపిట్ట కనపడితే మంచిదని మనకో నమ్మకం ఉంది కదా, నానమ్మ గారికి అది రోజూ గోడ మీద కనపడుతుంది.

మా ఇంట్లో ఒక పాత మ్యాప్ ఉంది, మీద సంవత్సరం లేదు. ఎప్పటిదో ఎలా తెలుస్తుంది?
భీమిలి పాఠకురాలు

జిల్లాలు చూడండమ్మా, అవే చెప్పేస్తాయి. శ్రీకాకుళం విడిగా లేదంటే 1950 ఆగస్టుకి ముందుది. మద్రాసు రాష్ట్రంలోనే మనం ఉన్నామంటే 1953 అక్టోబర్‌కి ముందుది, రాజధాని కర్నూలు అని ఉంటే 53కీ 56కీ మధ్యది, అలాంటిది దొరికితే దాచుకోండి. విజయనగరం జిల్లా కనపడితే 1979 తర్వాతిది. అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాలున్నాయంటే 2022 తర్వాతిదే, దాన్ని పాతది అని ఎవరైనా అమ్మితే కొనకండి. వైజాగపటం, వాల్తేరు అని ఇంగ్లీషులో పాత స్పెల్లింగ్ ఉన్నా కొంత తెలుస్తుంది గానీ, ఊరి పేర్లు ఆఫీసుల్లో మారినంత త్వరగా మ్యాపుల్లో మారవు కాబట్టి జిల్లాల్నే ఎక్కువ నమ్మాలి.

అక్కా, నేను ఫైన్ ఆర్ట్స్ స్టూడెంట్‌ని. మీలాగే మ్యాప్‌తో కొంగ కోద్దామని ట్రై చేశా, మడతల దగ్గర చిరిగిపోతోంది, రెక్కలు ఊడిపోతున్నాయి. బ్లేడు ప్రాబ్లమా, నా చెయ్యి ప్రాబ్లమా?
మద్దిలపాలెం నుంచి

చెయ్యి కాదు తమ్ముడూ, చాలావరకు కాగితమే. పాత రోడ్ మ్యాపులు, స్కూల్ అట్లాసులు చవకరకం చెక్క గుజ్జు కాగితం, దాంట్లో ఆమ్లం ఉంటుంది, ఏళ్ళు గడిచే కొద్దీ పసుపెక్కి పెళుసైపోతుంది, అప్పడంలా విరుగుతుంది. ఒక మూల చిన్న ముక్క తీసుకుని రెండు మూడుసార్లు మడిచి చూడు, తెగిపోతే ఆ కాగితం కోతకి పనికిరాదు, వెనకాల పల్చటి టిష్యూ అతికించాకే ముట్టుకోవాలి. దానికి ఫెవికాల్ వద్దు, గోధుమ స్టార్చ్‌ని పల్చగా ఉడికించి వడగట్టి వాడు, రేపు ఎవరికైనా విప్పాలనిపిస్తే నీళ్ళతో వచ్చేస్తుంది. మడత గీత మీద పిట్ట మెడ ఎప్పుడూ పెట్టకు, మడత రెక్క మధ్యలోకి వచ్చేలా మ్యాప్‌ని తిప్పుకో. ఇంకోటి, కాగితానికి పడుగు ఉంటుంది, ఒక వైపుకి సులువుగా వంగుతుంది ఇంకో వైపుకి మొరాయిస్తుంది, పొడుగాటి ఈకలు సులువుగా చిరిగే దిక్కు వెంబడే కొయ్యి, అడ్డంగా కోస్తే ఈక చివర ముడుచుకుపోతుంది.

బ్లేడ్ అంటావా, మెడికల్ షాపులో దొరికే 11 నంబర్ సర్జికల్ బ్లేడ్, దానికి 3 నంబర్ హ్యాండిల్, అంతే, నేను పదేళ్ళుగా అవే వాడుతున్నా. కొన మొద్దుబారిందని నీకు అనిపించేసరికే అప్పటికి పది ఈకలు పాడైపోయి ఉంటాయి కాబట్టి ముందే మార్చెయ్యి. కోసేటప్పుడు బ్లేడ్ తిప్పకు, కాగితం తిప్పు. లోపలి చిన్న కోతలు ముందు, బయటి అంచు ఆఖర్న. రెక్కలు ఊడిపోతున్నాయి అన్నావు కదా, నువ్వు ఈకకీ ఈకకీ మధ్య కాగితం వదలట్లేదు అనుకుంటున్నా. మన తోలుబొమ్మల్ని దగ్గర్నుంచి ఎప్పుడైనా చూశావా, ఒంటి నిండా బెజ్జాలు ఉంటాయి, వెలుగంతా వాటిలోంచే వస్తుంది, అయినా బొమ్మ చిరగదు, ఎందుకంటే బెజ్జానికీ బెజ్జానికీ మధ్య తోలు ఎక్కడ ఉంచాలో ఆ కళాకారులకి తెలుసు. నేను నేర్చుకున్నది అక్కడే. ఏం తీసెయ్యాలి అని కాకుండా ఏం మిగలాలి అని ముందు పెన్సిల్‌తో గీసుకో.

కాగితం కావాలంటే ఓడల చార్టులు వెతుకు. దళసరిగా ఉంటాయి, తడి చేతుల్లో నలిగినా తట్టుకునేలా చేసినవి. పెద్ద ఓడలకి 2012 నుంచి 2018 దాకా దశలవారీగా ఎలక్ట్రానిక్ చార్టులు తప్పనిసరి చేశారు, అప్పట్నుంచి రద్దయిన కాగితం చార్టులు మన లాంటి పోర్టు ఊళ్ళో తుక్కు కొట్లకి వస్తున్నాయి, పూర్ణా మార్కెట్ వైపు నాకు కిలోల లెక్కన దొరికాయి. వాటిలో లోతు తక్కువున్న నీళ్ళు నీలంగా, లోతైన సముద్రం తెల్లగా, నేల లేత పసుపుగా ఉంటుంది, నిండా లోతుల అంకెలు. పాతవాటిలో లోతు ఫాదమ్స్‌లో ఉంటుంది, ఫాదమ్ అంటే ఆరడుగులు, మన జాలరిపేట వాళ్ళు బార అంటారే, దాదాపు అదే. తెల్ల కొంగకి లోతు సముద్రం కొయ్యి, ఒంటి నిండా సన్నటి అంకెలు ఈకల్లా కనపడతాయి, చూసి నువ్వే ఆశ్చర్యపోతావు.

ఒక పిట్టకి ఎంత తీసుకుంటారు? నేను కూడా ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టాను, "ఏటమ్మా, కాయితం పిట్టకి ఇంత రేటా" అంటున్నారు.
కంచరపాలెం నుంచి ఒక పాఠకురాలు

నన్నూ అన్నారు, ఇంకా అంటారు కూడా. కాగితం ఖరీదు చెప్తే వాళ్ళు కాగితం ఖరీదే ఇస్తారు, గంటలు చెప్పండి. అరచెయ్యంత పిచ్చుకకి నాకు ఐదారు గంటలు పడుతుంది, రెక్కలు విప్పిన కొంగకి నాలుగు రోజులు. గీత గియ్యడం, కొయ్యడం, అతకడం, ఫ్రేమ్ అన్నీ కాగితం మీద రాసి చూపిస్తే బేరం సగానికి సగం తగ్గిపోతుంది. సగం డబ్బు ముందే తీసుకోండి, ఇది మొహమాటం లేకుండా చెయ్యాల్సిన పని. ఒక పెద్ద ఆఫీసు వాళ్ళు ఒకసారి పన్నెండు పిట్టలు చెప్పి, నేను తొమ్మిది కోశాక థీమ్ మారిందన్నారు, అడ్వాన్స్ అడగలేదు కాబట్టి ఒక్క రూపాయి రాలేదు, ఆ తొమ్మిదీ ఒకే ఊరి మ్యాప్‌వి కావడంతో ఇంకొకరికి అమ్మలేకపోయాను. గీసిన స్కెచ్ మీద వాళ్ళ చేత ఓకే రాయించుకున్నాకే బ్లేడ్ పట్టుకోండి, ఒకసారి కోశాక వెనక్కి రాదు కదా.

ఊరు ఎక్కడ రావాలో కూడా ముందే మాట్లాడుకోండి. అందరూ మా ఊరు కన్ను దగ్గర పెట్టండి అంటారు, కానీ కన్ను అంటే అక్కడ బెజ్జం, ఊరే పోతుంది! నేను మెడ కింద రొమ్ము దగ్గర పెడతాను, చూపు అక్కడే ఆగుతుంది. శ్రీకాకుళం వాళ్ళు చాలామంది టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వచ్చే పక్షుల్ని అడుగుతారు, గూడబాతు (పెలికాన్) అయితే పొట్ట పెద్దది కాబట్టి టెక్కలి మండలం మొత్తం హాయిగా పట్టేస్తుంది, వాళ్ళు మెచ్చుకుంటారు కూడా.

విశాఖ గాలికి కాగితం వంగిపోతోంది, పురుగు కూడా పడుతోంది. ఏం చెయ్యాలి?
లాసన్స్ బే కాలనీ

ఫ్రేమ్‌లో అద్దం పిట్టని తాకకూడదు, మధ్యలో మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ పెట్టే దళసరి అట్ట) మందమంత ఖాళీ ఉండాలి, తాకితే వానాకాలం చెమ్మకి అతుక్కుపోతుంది. సముద్రం వైపు గోడకీ ఎండ పడే గోడకీ వద్దు. ఫ్రేమ్ వెనక టేపు గట్టిగా వెయ్యండి, సిల్వర్ ఫిష్ పురుగులు అక్కడ్నుంచే దూరతాయి, వాటికి పిండి జిగురంటే ప్రాణం. దాచిన మ్యాపుల అలమారాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టుకోండి, కలరా ఉండలు వేస్తే కాగితానికి తగలకుండా వెయ్యండి.

హుద్‌హుద్ తుఫానులో మా ఇంట్లోకి నీళ్ళొచ్చి తడిసిన సిటీ మ్యాప్ ఒకటి ఇంకా దాచుకున్నాం. మీద పెద్ద మరక ఉంది. పారెయ్యబుద్ధి కావట్లేదు. దాంతో ఏమైనా అవుతుందా?
ఎంవీపీ కాలనీ నుంచి ఒక అమ్మ

2014 అక్టోబర్ 12. మా ఇంటి రేకులు కూడా ఆరోజే ఎగిరిపోయాయమ్మా, మ్యాపుల చుట్ట మంచం మీద పెట్టి దాని మీద నేను కూర్చున్నాను. మీ ఉత్తరం చదివి వెంటనే మీకు ఫోన్ చెయ్యమని ఎడిటర్ గారికి చెప్పాను.

హుద్‌హుద్ అంటే పిట్ట పేరే, తెలుసా? ఆ పేరు ఒమాన్ వాళ్ళు పెట్టారు, తల మీద విసనకర్రలాంటి కుచ్చు ఉంటుంది చూడండి, పొడుగాటి ముక్కుతో నేల పొడుస్తూ తిరుగుతుంది, ఆ పిట్టకి అరబ్బీ పేరది. ఒళ్ళు ఇటుక రంగు, రెక్కలు నలుపూ తెలుపూ పట్టీలు. మ్యాప్ తడిసి ఆరినచోట మరక అంచు గోధుమ రంగులోకి తిరుగుతుంది కదా, మీది కూడా అలాగే ఉంటే ఆ పిట్ట ఒళ్ళు దాంతోనే చేద్దాం, రంగు వెయ్యక్కర్లేదు. రెక్కలకి మ్యాప్ అంచు చుట్టూ నలుపూ తెలుపూ గళ్ళతో స్కేలు ఉంటే అది వాడతాను, లేకపోతే నా దగ్గరున్న ఓడ చార్టుల అంచు ఉంది. మ్యాప్‌ని చుట్టకండి, ఇస్త్రీ చెయ్యకండి, రెండు అట్టల మధ్య పెట్టి అలాగే తీసుకురండి, మీ వీధి ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. మీ వీధి మరకలోకి వచ్చిందా, బయట ఉందా అన్నది చూసి తల ఎటు తిప్పాలో ఇద్దరం కలిసి గీసుకుందాం.