బల్లి ఫోటో తీసేముందు దాని కాలివేళ్ళు చూడరా

చిన్నా,

నువ్వు పంపిన పదకొండు ఫోటోలూ చూశా, అన్నీ పైనుంచి తీసినవే, కింద "గోధుమరంగు, నల్లమచ్చలు, ఇదేం బల్లి పెదనాన్నా" అని రాశావ్. రంగు చూసి ఏం చెప్పమంటావురా? అదే బల్లి రాత్రి లైటు దగ్గర తెల్లగా పాలిపోయి ఉంటుంది, పగలు సందులో దూరితే ముదురురంగు. తొండ సంగతి మరీను, జతకట్టే రోజుల్లో మగదాని తల మెడ ఎర్రబడతాయి, అది చూసి చాలామంది ఊసరవెల్లి అనేస్తారు. ఊసరవెల్లికి వేళ్ళు రెండు కట్టలుగా అతుక్కుని పటకారులా ఉంటాయి, రెండు కళ్ళూ చెరోవైపు తిరుగుతాయి. తొండకి ఇవేం ఉండవు.

ముందు కన్ను చూడు. బల్లి రెప్ప వెయ్యదు, కంటిమీద అద్దంలాంటి పొర ఉంటుంది, దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. రాత్రి తిరిగేవాటికి పగటి వెలుగులో కంటిపాప నిలువు గీతలా సన్నబడుతుంది. తొండ రెప్ప వేస్తుంది, నలికిరుల్లోనూ (పాములా కనిపించే నున్నటి బల్లులు) ఎక్కువ రకాలు వేస్తాయి. లెపర్డ్ గెక్కో మాత్రం తేడా, బల్లిజాతే కానీ రెప్పలుంటాయి, వేళ్ళ కింద అతుక్కునే మెత్తలు, అంటే ప్యాడ్లుండవు, అందుకే గోడెక్కలేదు.

అసలు గుట్టంతా వేళ్ళ కిందే ఉంది. బల్లిని పట్టుకోకు, కిటికీ అద్దానికి అవతలివైపు అతుక్కున్నప్పుడు ఇవతలినుంచి జూమ్ చేసి తియ్యి. ప్యాడ్ మీద అడ్డంగా మడతలు కనిపిస్తాయి, అవి మధ్యలో చీలి రెండు వరుసలుగా, ఆకు ఈనెకి అటూఇటూ ఉన్నట్టుంటే, ఆ ప్యాడ్ మీంచి వేలి చివర సన్నగా లేచి గోరుతో ఆగితే, అది చాలావరకు హెమిడాక్టిలస్, అంటే మన ఇంటిబల్లుల గుంపు. టోకే గెక్కో అనే పెద్దబల్లికి మడతలు చీలవు. ప్యాడే లేకుండా వేళ్ళు సన్నగా వంకరగా ఉంటే సిర్టోడాక్టిలస్ అనే వేరే బల్లుల గుంపేమో చూడు. అదే ఫోటోలో తొడల కింద చిన్న చిన్న రంధ్రాల వరుస కనిపిస్తే అది మగదనుకో, ఆ రంధ్రాలు ఎన్నో లెక్కపెట్టుకో, రకం తేల్చడానికి పనికొస్తుంది.

తోక దగ్గర నేనే బోల్తాపడ్డా. ఇంట్లో తిరిగే ఒక రకానికి తోకచుట్టూ ముళ్ళలాంటి బొడిపెల వలయాలుంటాయి, నాకోసారి నున్నటి తోక కనపడేసరికి కొత్తరకం దొరికిందని నలుగురికీ చెప్పేశా, తర్వాత ఫోటో పెద్దది చేసి చూస్తే తోక మొదట్లో రంగు టక్కున మారిన గీత ఉంది. తెగి మళ్ళీ మొలిచిన తోకరా అది! మొలిచిన తోకకి పాత బొడిపెలు రావు. అందుకే కొలత కూడా మూతి నుంచి మలద్వారం దాకానే తీసుకుంటారు, తోక కలపరు.

పొలుసుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, నూనె రాసినట్టు నున్నగా మెరిసి, తలమీద పెద్ద పెద్ద పలకలుంటే నలికిరి. కాళ్ళు మరీ చిన్నవి కదా, పామని భయపడి కర్ర తీస్తారు జనం, తలపక్కన చెవి రంధ్రం కనపడితే అది పాము కాదు. గరుగ్గా ఉండి ప్రతి పొలుసు మధ్యలో గీత ఉబ్బి ఉంటే తొండజాతి, మామూలు తోట తొండకైతే చెవి పైన విడివిడిగా రెండు చిన్న ముళ్ళుంటాయి. గొంతు కింద విసనకర్రలా తెరిచే సితానా తగిలితే వెనక కాలివేళ్ళు లెక్కపెట్టు, 4 ఉంటాయి, మిగతా తొండల్లో చాలావాటికి 5.

నీ ఏడో ఫోటోలో ఉన్నది ఇంటిబల్లే అనిపిస్తోంది కానీ వేళ్ళు కనపడట్లా. రాత్రి లైటేశాక మళ్ళీ అదే కిటికీ దగ్గరికొస్తుందేమో చూసి, అద్దం మీద స్కేలు ఆనించి ఒకటి, పక్కనుంచి తల ఒకటి తీసి పంపు, అప్పుడు చెప్తా.

మీ పెదనాన్న