కట్టేసిన పడవకు అంత పొగ ఎందుకు?

ప్రశ్న: మెకానిక్ గారికి నమస్కారం. మా అమ్మాయి లండన్‌లో చదువుకుంటోంది. అక్కడి అద్దెలు భరించలేక, స్నేహితురాలికి రీజెంట్స్ కాలువలో ఉన్న పడవ ఇంట్లో ఉంటోంది. బ్యాటరీల కోసం రోజూ ఇంజను నడుపుతారట, చలికి పొయ్యి వెలిగిస్తారట. ఒడ్డు మీది ఇళ్లవారు పొగ అంటూ గొడవకు వస్తున్నారట. పెద్ద బ్యాటరీలు కొనడానికి డబ్బు పంపమంటారా?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: ఇప్పుడే పంపకండమ్మా. నేను రంభలో చిలికా పడవల ఇంజన్లు బాగుచేసి బతికినవాణ్ణి. మా పడవలు పొగ వదిలేది సరస్సులో తిరిగేటప్పుడు. మీ అమ్మాయి ఉన్న పడవ లాంటివి పొగ వదిలేది ఎక్కువగా ఒడ్డున కట్టేసి ఉన్నప్పుడు. రెండు దీపాలు, ఒక ఫ్రిజ్, ఫోన్లు, లాప్‌టాప్. వీటికోసం టన్నుల బరువున్న ఉక్కు పడవను లాగగల డీజిల్ ఇంజను గంటల తరబడి తిరుగుతుంది. భారం లేకుండా తిరిగే ఇంజను సరిగా వేడెక్కదు. వేడెక్కనిదే నూనె పూర్తిగా మండదు, మండనిదంతా మసి అవుతుంది. పంపుసెట్టు ఉన్న ఏ రైతును అడిగినా ఈ మాటే చెబుతాడు.

పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీకి ఒక గుణం ఉంది. మొదట కరెంటును గబగబా తీసుకుంటుంది, ముప్పాతిక దాటాక నసుగుతుంది. ఆ చివరి పాతిక నింపడానికే గంటలు పడతాయి. అంతసేపు ఇంజను నడపడం శుద్ధ దండగ, ఆ పని సోలార్ పలకలకు వదిలేయాలి. పెద్ద బ్యాటరీ కొన్నంత మాత్రాన వాడకం తగ్గదు, వాడినంతా మళ్లీ నింపాల్సిందే. లిథియం బ్యాటరీ త్వరగా నిండుతుంది, నిజమే. కానీ ఇంజను తిరుగుతుంటే కరెంటు పుట్టించే పాత ఆల్టర్నేటరు నుంచి ఒక్కసారిగా కరెంటు లాగి దాన్ని కాల్చేయగలదు. ఆ కరెంటును అదుపు చేసే తగిన రెగ్యులేటరు లేకుండా దాని జోలికి పోవద్దని చెప్పండి.

సోలార్ వేసవిలో బాగా పనిచేస్తుంది. డిసెంబరులో లండన్‌లో సాయంత్రం నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. అవసరం ఎక్కువైనప్పుడే అది చేతులెత్తేస్తుంది. అసలైన మందు ఒడ్డు కరెంటు. ఇస్లింగ్టన్ దగ్గర అదే కాలువ గట్టున పడవలు తీగ తగిలించుకుని కరెంటు తీసుకునే స్తంభాలు పెట్టారు. అక్కడ చోటు దొరికితే ఇంజను గొడవే ఉండదు. అయితే సొంత రేవు లేని పడవలు సాధారణంగా రెండు వారాలకు మించి ఒకే చోట ఉండకూడదు, కాబట్టి ఇది శాశ్వత పరిష్కారం కాదు. ఇంకో సంగతి: ఇళ్ల దగ్గర కట్టిన పడవల్లో రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకు ఇంజను నడపకూడదని ఆ కాలువల సంస్థ నియమం. మీ అమ్మాయి వాళ్లు దాన్ని పాటిస్తున్నారో లేదో అడగండి. సగం తగాదాలు అక్కడే పుడతాయి.

ఇక పొయ్యి. నా లెక్కలో చలికాలంలో పెద్ద దోషి ఇదే. ఇంటి చిమ్నీ కప్పు మీద ఉంటుంది, పడవ గొట్టం మాత్రం గట్టు మీద నడిచేవారి ముఖాల దగ్గరే ఉంటుంది. కాలువ వీధికన్నా పల్లంలో ఉన్న చోట పొగ పైకి పోకుండా అక్కడే తిరుగుతుంది. 1952 డిసెంబరులో లండన్‌ను పొగమంచు కమ్మి వేల మంది చనిపోయాక, 1956లో స్వచ్ఛ గాలి చట్టం తెచ్చారు. ఇళ్ల పొయ్యిలకు కళ్లెం వేశారు. కట్టేసిన పడవలను కూడా పొగ నియంత్రణ ప్రాంతాల్లో చేర్చే అధికారం స్థానిక కౌన్సిళ్లకు 2021 పర్యావరణ చట్టంతో గానీ రాలేదు. కాబట్టి వాళ్ల కౌన్సిలు పడవలను చేర్చిందో లేదో ముందు కనుక్కోవాలి. చేర్చినా చేర్చకపోయినా, తడి కట్టె మానేయాలి. తేమ ఇరవై శాతం లోపు ఉన్న ఎండు కట్టెగానీ, పొగరాని బొగ్గుగానీ కొనాలి. ఒక్క హెచ్చరిక: పొగ లేదంటే విషవాయువు లేదని కాదు. పడుకునేముందు గాలి రంధ్రాలు మూసి వెచ్చగా నిద్రపోతే ప్రాణానికే ముప్పు. ఆ విషవాయువును పసిగట్టే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉందా, నొక్కి చూస్తే మోగుతోందా అని ఈ రోజే ఫోను చేసి అడగండి. డబ్బు పంపాలనుకుంటే మొదట దానికి పంపండి.

ప్రశ్న: చిలికా ఒడ్డున బర్కుల్‌లో పర్యాటకులను తిప్పే నా పడవకు డీజిల్ ఇంజను తీసేసి బ్యాటరీ మోటారు పెట్టవచ్చా?
– పడవ యజమాని, బరంపురం

జవాబు: పెట్టవచ్చు, కానీ ఇంజను ఒక్కటే మారిస్తే సరిపోదు. కేరళలో వైకం దగ్గర 2017 నుంచి తిరుగుతున్న ‘ఆదిత్య’ అనే సౌర పడవ 75 మందిని మోస్తుంది. దాని ఒడలిని మొదటినుంచీ తేలికగా, సన్నగా, నీటిని సులువుగా కోసేలా కట్టారు. మీ బరువైన పడవకు అదే మోటారు పెడితే బ్యాటరీ మధ్యాహ్నానికే కూర్చుంటుంది. చిలికా ఉప్పునీటికి వైర్ల అతుకులు తుప్పు పట్టే బెడద వేరే ఉంది. ఒక వారంపాటు రోజుకు ఎన్ని లీటర్ల డీజిల్ తాగుతోందో, ఎంత దూరం తిరుగుతోందో రాసి పంపండి. ఆ రెండూ తెలియకుండా బ్యాటరీ లెక్క వేయలేను.