రెండు లాభాల్లో ఏది నిజం?

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని, వయసు 67. 2015 ఆగస్టులో ఒక ఈక్విటీ మ్యూచువల్ ఫండులో రూ.2 లక్షలు పెడితే, యూనిట్ రూ.40 చొప్పున 5,000 యూనిట్లు వచ్చాయి. మనవరాలి కాలేజీ ఫీజు కోసం 2025 డిసెంబరులో అన్నీ రూ.110 చొప్పున అమ్మేశాను. రూ.5.50 లక్షలు వచ్చాయి. ఫోనులోని యాప్ లాభం రూ.3.50 లక్షలంటోంది. ఫండు వాళ్ల స్టేట్‌మెంటులో రూ.2.30 లక్షలే ఉంది. ఏది తప్పు? నా పింఛను ఏడాదికి రూ.5.40 లక్షలు. 12 లక్షల దాకా పన్ను లేదంటున్నారు కదా, నేను అసలు కట్టాలా? 2019లో కొన్న ఇంకో ఈక్విటీ ఫండు కూడా ఉంది. దాన్ని అదే కంపెనీ వేరే పథకంలోకి స్విచ్ చేయమని ఏజెంటు అంటున్నారు. డబ్బు చేతికి రాదు కాబట్టి పన్ను ఉండదట.
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండు కాగితాలనూ గుండుసూదితో కలిపి, రెండు అంకెల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు. దిద్దే అలవాటు పోలేదన్నమాట! కానీ అమ్మా, ఈసారి ఇద్దరికీ మార్కులు వేయాల్సిందే. మీ జేబులోంచి వెళ్లిందెంత, వచ్చిందెంత అన్నది యాప్ లెక్క. పన్ను లెక్క 2018 జనవరి 31 నుంచి మొదలవుతుంది.

అంతకుముందు ఏడాది దాటిన ఈక్విటీ యూనిట్ల లాభంపై పన్ను లేదు. 2018 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ ఆ పన్నును మళ్లీ తెచ్చారు. అయితే ముందురోజు వరకు పెరిగిన విలువ జోలికి రాలేదు. మీ స్టేట్‌మెంటు ప్రకారం ఆ రోజు యూనిట్ ధర రూ.64. మీరు అంతకన్నా ఎక్కువకే అమ్మారు కాబట్టి, రూ.40కి బదులు రూ.64కి కొన్నట్టు లెక్క. యూనిట్‌కు లాభం రూ.46, మొత్తం రూ.2.30 లక్షలు.

ఇందులో ఏడాదికి రూ.1.25 లక్షలు మినహాయింపు. మిగిలిన రూ.1.05 లక్షలపై 12.5 శాతం అంటే రూ.13,125. దానిపై 4 శాతం సెస్ రూ.525. వెరసి రూ.13,650. యాప్ అంకెనే రిటర్నులో రాసి ఉంటే రూ.29,250 కట్టేవారు. నవ్వకండి, 2019లో నేనే నా యూనిట్లకు కొన్న ధర వేసుకుని పన్ను కట్టేశాను. తర్వాత సవరించిన రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకున్నాను. ఊళ్లో వాళ్లకు లెక్కలు చెప్పేది ఈయనేనా అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఇక ఆ 12 లక్షల మాట. కొత్త పన్ను విధానంలో అది రిబేటు, అంటే లెక్క తేలిన పన్నులో ఇచ్చే తగ్గింపు, వల్ల వచ్చే ఊరట. మీ పింఛనుపై పన్నును అది తుడిచేస్తుంది, ఏడాది దాటాక అమ్మితే వచ్చే ఈ దీర్ఘకాలిక లాభంపై పన్నును మాత్రం ముట్టుకోదు. కాబట్టి రూ.13,650 కట్టాల్సిందే. లాభం రూ.1.25 లక్షలు దాటింది గనుక రిటర్ను ఫారాల్లో ఐటీఆర్-1 కుదరదు, ఐటీఆర్-2 వేయాలి. ఆదాయపు పన్ను పోర్టల్‌లోని వార్షిక సమాచార నివేదికలో మీ పేరు పక్కన రూ.5.50 లక్షలు కనిపిస్తే కంగారు పడకండి. అది అమ్మకం సొమ్ము, లాభం కాదు.

ఒక మాట చెప్పాలా వద్దా అని తటపటాయించాను. సగం యూనిట్లు డిసెంబరులో, సగం కొత్త ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ఏప్రిల్‌లో ఇదే ధరకు అమ్మి ఉంటే, ఏ ఏడాదికా ఏడాది లాభం రూ.1.15 లక్షలే అయ్యేది. పన్ను పైసా ఉండేది కాదు. ఇప్పుడిది చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఫీజు గడువు కూడా ఏప్రిల్ దాకా ఆగదు కదా.

కానీ రెండో ఫండు ఇంకా మీ చేతిలోనే ఉంది. డబ్బు బ్యాంకులో పడకపోయినా, స్విచ్ అంటే పాత పథకంలో అమ్మకం, కొత్త పథకంలో కొనుగోలు. మీ ఏజెంటు చెప్పింది తప్పు. పైగా ఈ ఏడాది మినహాయింపు మీకు అయిపోయింది. మార్చి 31లోపు స్విచ్ చేస్తే లాభంలో మొదటి రూపాయి నుంచే 12.5 శాతం పడుతుంది. ఏప్రిల్ 1 దాటితే మళ్లీ రూ.1.25 లక్షల మినహాయింపు ఉంటుంది. అసలు ఆ కొత్త పథకం మీకెందుకో కూడా ఆయన్ని అడగండి. సంతకం పెట్టే ముందు ఆ ఫండు స్టేట్‌మెంటు నాకు పంపండి. ఈసారి గుండుసూది వద్దు, వేలికి గుచ్చుకుంది.