పాత పీఎల్‌సీ సాఫ్ట్‌వేర్ కొత్త ల్యాప్‌టాప్‌లో నడవాలంటే ముందు కేబుల్ సంగతి చూడండి

మీరు అడిగింది ఇదీ: ప్లాంటులో యంత్రాలను నడిపే కంట్రోలర్లు, అంటే పీఎల్‌సీలు, మూడు రకాలున్నాయి: సీమెన్స్ ఎస్7-300లు, అలెన్-బ్రాడ్లీ ఎస్ఎల్‌సీ 500లు, ఒక పాత ప్యానెల్‌లో సీమెన్స్‌దే ఎస్5-95యూ. వాటి ప్రోగ్రాములు చూడటానికి, మార్చడానికి ఆధారం ఒకే ఒక్క విండోస్ ఎక్స్‌పీ ల్యాప్‌టాప్, అదీ ఇవాళో రేపో అన్నట్టుంది. కంపెనీ కొత్తగా ఇచ్చినది విండోస్ 11. అందులో వర్చువల్ మెషిన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టి ఎక్స్‌పీ వేసుకుంటే పని జరుగుతుందా, వీఎంవేర్ మంచిదా వర్చువల్‌బాక్స్ మంచిదా అన్నారు.

పని జరుగుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా, సిమెంట్ ప్లాంట్లలో సర్వీసుకు తిరిగే నా రోజువారీ పని చాలావరకు వర్చువల్ మెషిన్లలోనే సాగుతోంది. కానీ వీఎంవేరా వర్చువల్‌బాక్సా అన్నది ఆఖరున తేల్చుకోవాల్సిన విషయం. పీఎల్‌సీకి, ల్యాప్‌టాప్‌కు మధ్య ఏ కేబుల్ ఉంటుందో ముందు తేల్చుకోండి. ఆ కేబుల్‌కు ఏ విండోస్‌లో డ్రైవర్ దొరుకుతుందో దాన్నిబట్టి గెస్ట్ ఓఎస్‌ను, అంటే వీఎం లోపల వేసే విండోస్‌ను, ఎంచుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. ఎక్స్‌పీ వేసి, సాఫ్ట్‌వేర్ ఎక్కించి, ప్రాజెక్టు తెరుచుకోగానే పని అయిపోయిందనుకుంటారు. రాత్రి లైన్ ఆగాక ప్యానెల్ దగ్గర కూర్చుంటే ఆన్‌లైన్ వెళ్లదు, అంటే పీఎల్‌సీతో మాట్లాడదు.

పాత సాఫ్ట్‌వేర్ కొత్త విండోస్‌లో మొండికేయడానికి ముఖ్య కారణాలు రెండు. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు అసలు నడవవు. విండోస్ 11కు 32 బిట్ ఎడిషనే లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు 32 బిట్‌వే అయినా వాటి సెటప్ ఫైలు 16 బిట్‌ది కావడంతో ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోతాయి. రెండోది డ్రైవర్. 32 బిట్ డ్రైవర్ 64 బిట్ విండోస్‌లోకి ఎక్కదు. వర్చువల్ మెషిన్‌లో 32 బిట్ విండోస్ పెడితే ఈ రెండూ తీరతాయి. అయితే వీఎం మీ ల్యాప్‌టాప్‌లో లేని స్లాటును సృష్టించలేదు. పాత ల్యాప్‌టాప్‌కు పక్కనుంచి దూర్చే సీమెన్స్ సీపీ 5511, సీపీ 5512 లాంటి కార్డులను, అలెన్-బ్రాడ్లీ నెట్‌వర్క్ డీహెచ్ ప్లస్ కోసం వాడిన 1784-పీసీఎంకేను కొత్త ల్యాప్‌టాప్‌లో పెట్టడానికి చోటే ఉండదు. వాటి బదులు యూఎస్‌బీవి కొనక తప్పదు.

మీ ఎస్7-300ల సంగతి తేలిక. వాటిని ప్రోగ్రాం చేసే సీమెన్స్ సాఫ్ట్‌వేర్ స్టెప్ 7 వెర్షన్ 5.6 విండోస్ 10 మీద అధికారికంగా నడుస్తుంది, పాత 5.x ప్రాజెక్టులను తెరుస్తుంది. అంటే వీటికి ఎక్స్‌పీనే కావాలని లేదు. పాత ప్రాజెక్టులో ఏదైనా ఆప్షన్ ప్యాకేజీ వాడి ఉంటే మాత్రం అది కూడా ఇన్‌స్టాల్ అయి ఉండాలి, లేకపోతే ఆ భాగం తెరుచుకోదు. నేనైతే విండోస్ 7 ప్రొఫెషనల్ 32 బిట్ వీఎంలో స్టెప్ 7 5.5 పెట్టుకుంటాను. హోమ్ ఎడిషన్ జోలికి వెళ్లకండి. కేబుల్ విషయంలో పీసీ అడాప్టర్ యూఎస్‌బీ ఏ2 ఒకటి కొనిపించండి. వీఎంకు ఇచ్చాక స్టెప్ 7లోని సెట్ పీజీ/పీసీ ఇంటర్‌ఫేస్‌లో దాన్ని ఎంచుకుంటే ఎంపీఐ (ఎస్7-300 ప్రోగ్రామింగ్ పోర్టు) మామూలు వేగం 187.5 కేబీపీఎస్ దగ్గర ఏ గొడవా లేకుండా పట్టుకుంటుంది. దాని పరిమితి 1.5 ఎంబీపీఎస్. మీ ప్రొఫీబస్ (పీఎల్‌సీని మిగతా పరికరాలతో కలిపే నెట్‌వర్క్) లైను 12 ఎంబీపీఎస్ మీద నడుస్తుంటే ఆ లైనులోకి దీంతో దూరలేరు, సీపీ 5711 అనే యూఎస్‌బీ అడాప్టర్ కావాలి. బజారులో ఈ అడాప్టర్‌కు చవక నకళ్లు దొరుకుతాయి. బెంచి మీద నేర్చుకోవడానికి పనికొస్తాయేమో గానీ నడుస్తున్న లైనుకు అసలుదే ఉండాలని నా గట్టి అభిప్రాయం.

ఎస్ఎల్‌సీల దగ్గర సీపీయూ ఏదో చూసుకోవాలి, ఎందుకంటే పోర్టులు మారిపోతాయి. 5/05 అయితే ఈథర్‌నెట్ ఉంది, చింత లేదు. 5/03, 5/04లకు ఛానల్ 0లో ఆర్ఎస్-232 ఉంది, 1747-సీపీ3 కేబుల్, మంచి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ చాలు. ఆర్ఎస్‌లింక్స్‌లో (అలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీలతో మాట్లాడించే సాఫ్ట్‌వేర్) డీఎఫ్1 అనే సీరియల్ డ్రైవర్ పెట్టి ఆటో కాన్ఫిగర్ కొడితే సరిపోతుంది. చిక్కంతా 5/01, 5/02లతోనే. వాటికి డీహెచ్-485 అనే పాత నెట్‌వర్క్ ఒక్కటే దారి. పాత ల్యాప్‌టాప్‌తో మీరు వాడుతున్న 1747-పీఐసీ కన్వర్టర్ డ్రైవర్ సీరియల్ పోర్టు చిప్‌తో నేరుగా మాట్లాడుతుంది, దానికి టైమింగ్ ఖచ్చితంగా కావాలి. మధ్యలో యూఎస్‌బీ వచ్చిందంటే ఆ టైమింగ్ పోతుంది. వీఎం సెట్టింగులు ఎన్ని మార్చినా లాభం ఉండదు, దాంతో కుస్తీ పట్టకండి. 1747-యూఐసీ అని యూఎస్‌బీదే ఉంది, అది తెప్పించండి. విండోస్‌కు అది కామ్ (సీరియల్) పోర్టుగా కనిపిస్తుంది. ఆర్ఎస్‌లింక్స్‌లో డీఎఫ్1 డ్రైవర్ తీసుకుని, డివైస్ దగ్గర 1770-కేఎఫ్3/1747-కేఈ ఎంచుకుని, వేగం 19200 పెట్టాలి. ఈ డివైస్ పేరు తెలియకే చాలామంది కేబుల్ పాడైందనుకుంటారు.

సీరియల్ కన్వర్టర్ గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్నది కొనండి. దాని డ్రైవర్ సెట్టింగులలో లేటెన్సీ టైమర్ అని ఉంటుంది, మామూలుగా 16 మిల్లీసెకన్లు. దాన్ని 1కి దించండి. అప్‌లోడ్ (పీఎల్‌సీలోని ప్రోగ్రాంను ల్యాప్‌టాప్‌లోకి తీయడం) మధ్యలో తెగిపోయే జబ్బు చాలాసార్లు దీంతోనే పోతుంది. ఆ తర్వాత, కన్వర్టర్‌ను వీఎంకు ఇవ్వడానికి రెండు దారులున్నాయి. ఒకటి, విండోస్ 11లో కామ్ పోర్టుగా తెచ్చుకుని ఆ పోర్టును వీఎం సీరియల్ పోర్టుగా కలపడం. రెండోది, యూఎస్‌బీ డివైస్‌నే మొత్తంగా వీఎంకు అప్పగించి, డ్రైవర్ ఎక్స్‌పీలో వేసుకోవడం. నేను ఎక్కువగా రెండోదే వాడతాను. దీనివల్ల ఇంకో లాభం ఉంది. పాత ప్రోలిఫిక్ చిప్ కన్వర్టర్లను విండోస్ 11 డ్రైవర్ ఒప్పుకోదు, ఫేజ్డ్ ఔట్ అని రాసి ఊరుకుంటుంది. అదే కన్వర్టర్ ఎక్స్‌పీ వీఎంలో పాత డ్రైవర్‌తో పనిచేస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి: ఎక్స్‌పీకి యూఎస్‌బీ 3 తెలియదు. వీఎం సెట్టింగులలో యూఎస్‌బీ కంట్రోలర్‌ను 2.0కి మార్చకపోతే ఏ కేబుల్ పెట్టినా లోపల కనిపించదు.

ఇక మీరు అడిగిన వీఎంవేర్, వర్చువల్‌బాక్స్ మాట. రెండూ పనికొస్తాయి. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో 2024 నవంబర్ నుంచి కంపెనీ వాడకానికి కూడా ఉచితమైంది, యూఎస్‌బీ అప్పగింత అందులో నాకు నిలకడగా అనిపించింది, కాబట్టి నా ఓటు దానికే. విండోస్‌తో వచ్చే హైపర్-వీ ఈ పనికి వద్దు. యూఎస్‌బీ కేబుల్‌ను నేరుగా గెస్ట్‌కు ఇచ్చే ఏర్పాటు అందులో లేదు. మీ ఐటీ వాళ్లు ఆల్రెడీ ఉంది కదా అని దాన్నే సూచిస్తారు, ఈ కారణం చెప్పండి.

ఈథర్‌నెట్ ఉన్న పీఎల్‌సీలకు వీఎం నెట్‌వర్క్‌ను బ్రిడ్జ్‌లో పెట్టండి, అంటే వీఎం నేరుగా ప్లాంటు నెట్‌వర్క్‌లో ఒక మెషిన్‌గా ఉండాలి. న్యాట్‌లో, అంటే ల్యాప్‌టాప్ వెనక దాగి, ఉంటే ఐపీ కొట్టి వెళ్లే పనులు జరగొచ్చు గానీ, అందుబాటులోని పీఎల్‌సీలను చూపే స్టెప్ 7 యాక్సెసిబుల్ నోడ్స్ లాంటి వెతుకులాట ఏమీ చూపించదు. బ్రిడ్జ్ పెట్టినా కనిపించడం లేదంటే, వీఎంవేర్ తనంతట తాను వైఫైకి బ్రిడ్జ్ అయి ఉంటుంది. వర్చువల్ నెట్‌వర్క్ ఎడిటర్‌లో వీఎంనెట్0ను మీ కేబుల్ పోర్టుకే కట్టేయండి. పని లేనప్పుడు ఆ వీఎంకు నెట్‌వర్క్ తీసేసి ఉంచాలి. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తోనే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాం పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకి, స్టెప్ 7లోని ఒక డీఎల్ఎల్ ఫైలు స్థానంలో తన ఫైలును పెట్టి పీఎల్‌సీ ప్రోగ్రాములనే మార్చింది. ఊళ్లో తిరిగే పెన్‌డ్రైవ్‌ను ఆ వీఎంలో పెట్టనివ్వకండి.

ఆ పాత ల్యాప్‌టాప్ పూర్తిగా పడుకోకముందే ఈ వారంలోనే రెండు పనులు చేయండి. మొదటిది లైసెన్సులు. స్టెప్ 7 లైసెన్స్ కీని ఆటోమేషన్ లైసెన్స్ మేనేజర్‌తో యూఎస్‌బీలోకి ట్రాన్స్‌ఫర్ చేయండి. ఎస్ఎల్‌సీలను ప్రోగ్రాం చేసే ఆర్ఎస్‌లాజిక్స్ 500 పాత వెర్షన్ అయితే యాక్టివేషన్ మాస్టర్ డిస్క్ ఫ్లాపీలో ఉండొచ్చు, స్టోర్‌లో, పాత ఇంజినీరు బీరువాలో వెతికించండి. హార్డ్‌డిస్క్‌ను కాపీ చేస్తే కీ కూడా వస్తుందనుకోవద్దు, ఆ కాపీ చెల్లకుండానే కట్టారు. అదే కారణంగా, లైసెన్స్ వేసిన తర్వాత వీఎంను పాత స్నాప్‌షాట్‌కు (ముందు దాచిన స్థితికి) తిప్పితే లైసెన్స్ ఎగిరిపోవచ్చు. వీఎంను ఇంకో ల్యాప్‌టాప్‌కు మార్చినప్పుడు మూవ్ చేశారా కాపీ చేశారా అని వీఎంవేర్ అడుగుతుంది. మూవ్ అనండి. కాపీ అంటే మ్యాక్ అడ్రస్ మారిపోయి, దానికి ముడిపడిన యాక్టివేషన్లు పోతాయి.

రెండోది ఆ హార్డ్‌డిస్క్ ఇమేజ్, అంటే మొత్తం డిస్క్ నకలు. మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి డిస్క్2విహెచ్‌డి పాత వెర్షన్ ఎక్స్‌పీలో నడుస్తుంది. అది నడుస్తున్న విండోస్‌నే ఫైలుగా తీసిస్తుంది. ఆ ఫైలును వీఎంలో పెడితే నీలి తెర మీద 7బి ఎర్రర్ రావచ్చు. డిస్క్‌ను ఐడీఈ కంట్రోలర్ కింద పెట్టి చూడండి, ఎక్కువగా లేస్తుంది. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ఓఈఎం ఎక్స్‌పీ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది, ఆ లైసెన్సు ఆ మెషిన్‌కే కట్టుబడింది. అందుకే నేను ఇమేజ్‌ను రోజువారీ పనికి వాడను. అందులోని ఫైళ్లు పోకుండా ఉండటానికే ఉంచి, పని కోసం కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన వీఎం వాడతాను.

ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ ల్యాప్‌టాప్‌లో అసలు విలువైనవి సాఫ్ట్‌వేర్లు కావు, ప్రాజెక్టు ఫైళ్లు. ఎస్7-300 నుంచైనా, ఎస్ఎల్‌సీ నుంచైనా అప్‌లోడ్ తీస్తే లాజిక్ వస్తుంది గానీ సింబల్స్ (ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు పెట్టిన పేర్లు), కామెంట్లు రావు. అవి ఆ హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి. పేర్లు చెరిపేసిన ఊళ్లో ఇల్లు వెతికినట్టే ఉంటుంది కామెంట్లు లేని లాడర్ ప్రోగ్రాం. ఒక ప్లాంటులో అలాంటి ప్రోగ్రాంకు మళ్లీ కామెంట్లు రాసే పని నాకు పడింది. ప్యానెల్ వైరింగ్ డ్రాయింగులు పట్టుకుని, ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో ఇన్‌పుట్ ఏమిటో అడుగుతూ రాశాను. కొన్ని టైమర్లు ఎందుకున్నాయో ఎవరికీ తెలియలేదు, ఆ ప్రోగ్రాం రాసినాయన అప్పటికే రిటైరై వెళ్లిపోయాడు.

ఒక్కో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు ఒక్కో వీఎం పెట్టండి. ఆర్ఎస్‌లింక్స్ మూసేసినా వెనకాల నడుస్తూ కామ్ పోర్టు పట్టుకుని ఉంటుంది, పక్కనున్న ఇంకో కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు ఆ పోర్టు దొరకదు. విడిగా ఉంటే ఆ తలనొప్పే లేదు. ఆన్‌లైన్‌లో ఉండగా ల్యాప్‌టాప్ మూత వేయకండి, వీఎంను సస్పెండ్ చేయకండి. హోస్ట్‌లో, అంటే బయటి విండోస్ 11లో, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి, స్లీప్ కూడా. పీఎల్‌సీలోకి ప్రోగ్రాం డౌన్‌లోడ్ మధ్యలో హోస్ట్ నిద్రపోతే సీపీయూ స్టాప్‌లో ఉండిపోవచ్చు, అది లైను మీద పడే దెబ్బ. వచ్చే షట్‌డౌన్‌లో ఒక్కో పీఎల్‌సీ దగ్గరా కొత్త ల్యాప్‌టాప్‌తో ఆన్‌లైన్ వెళ్లి, అప్‌లోడ్ తీసి, పాత ప్రాజెక్టుతో పోల్చి చూడండి. పాత ల్యాప్‌టాప్‌ను అప్పటిదాకా పారేయనివ్వకండి.

ఎస్5-95యూ చివరికి ఉంచాను, దాని దారి వేరు. దాని 15 పిన్నుల పోర్టు 20 మిల్లీఆంప్ కరెంట్ లూప్. మామూలు ఆర్ఎస్-232 కేబుల్ దానికి కుదరదు, ఆ కరెంట్ లూప్‌ను ఆర్ఎస్-232గా మార్చే టీటీవై కన్వర్టర్ ఉన్న కేబుల్ కావాలి. వేగం 9600, ఈవెన్ ప్యారిటీ. దాన్ని ప్రోగ్రాం చేసే స్టెప్ 5 డాస్ కాలపు సాఫ్ట్‌వేర్. వీఎంలో డాస్ పెట్టి నడపొచ్చు గానీ డాస్‌కు యూఎస్‌బీ డ్రైవర్ ఉండదు, కాబట్టి పైన చెప్పిన రెండు దారుల్లో ఇక్కడ మొదటిదే పనికొస్తుంది: హోస్ట్ కామ్ పోర్టును వీఎంకు కామ్1గా కలపాలి. అంత శ్రమ వద్దనుకుంటే ఐబీహెచ్‌సాఫ్టెక్ వారి ఎస్5 ఫర్ విండోస్ ఉంది, కొత్త విండోస్‌ల మీదే నడుస్తుంది. డబ్బు పెట్టగలిగితే అదే నయం. ఏది చేసినా ముందు బ్యాటరీ చూడండి. ప్రోగ్రాం ర్యామ్‌లో ఉంటే దాన్ని నిలబెడుతున్నది ఆ బ్యాటరీయే. పవర్ ఆన్‌లో ఉంచే మార్చాలి, అప్‌లోడ్ తీశాకే ఆ ప్యానెల్ మెయిన్ స్విచ్ మీద చెయ్యి వేయాలి. మాడ్యూల్ మీద ఈప్రామ్ (కరెంటు పోయినా ప్రోగ్రాంను నిలిపి ఉంచే చిప్) పెట్టి ఉందో లేదో, పాత డిస్క్‌లో ఎస్5డి అనే పొడిగింపుతో ఫైళ్లేమైనా దొరికాయో రాయండి. వాటిని బట్టి మిగతాది చెబుతాను.