మార్చిన కిడ్నీలోకి మూత్రం ఎదురెక్కుతుంటే...

ప్రశ్న: మా అన్నయ్యకు కిడ్నీ మార్చి రెండేళ్లయింది. ఈ ఏడాదిలోనే మూడుసార్లు చలిజ్వరంతో ఆస్పత్రిలో చేరాడు. ప్రతిసారీ కిడ్నీ ఇన్ఫెక్షన్ అన్నారు. ఎమ్‌సీయూ పరీక్షలో (మూత్రాశయంలోకి రంగుమందు ఎక్కించి, మూత్రం పోసేటప్పుడు తీసే ఎక్స్‌రే) మూడో గ్రేడు రిఫ్లక్స్, అంటే మూత్రం కిడ్నీలోకి ఎదురెక్కడం, ఉందని తేలింది. కోత లేకుండా జెల్ ఎక్కిస్తామంటున్నారు. పని చేస్తుందా?

జవాబు: ముందు ఒక్క మాట. మూత్రాశయం పూర్తిగా ఖాళీ అవుతోందో లేదో చూశారా? మూత్రం పోసిన వెంటనే అల్ట్రాసౌండ్ చేస్తే లోపల ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. ప్రొస్టేట్ అడ్డుపడటం వల్లో, నరాల బలహీనత వల్లో మూత్రం నిలవ ఉంటుంటే, దాన్ని సరిచేయకుండా జెల్ ఎక్కించి లాభం లేదు. లోపలి ఒత్తిడికి మూత్రం మళ్లీ ఎదురెక్కుతుంది.

కిడ్నీ నుంచి మూత్రాన్ని తెచ్చే నాళం, పుట్టుకతో వచ్చినదైతే, మూత్రాశయం గోడలో ఏటవాలుగా కొంత దూరం నడుస్తుంది. మూత్రాశయం నిండినకొద్దీ గోడ ఆ నాళాన్ని నొక్కి మూసేస్తుంది. కిడ్నీ మార్చేటప్పుడు ఈ దారిని సర్జన్ కొత్తగా కట్టాలి. అది పొట్టిగా వస్తే తలుపు సరిగా పడదు.

జెల్ చేసేది ఆ తలుపుకు ఒత్తు పెట్టడమే. మత్తు ఇచ్చి, మూత్రద్వారం గుండా సిస్టోస్కోపు (మూత్రాశయం లోపల చూసే సన్నని కెమెరా గొట్టం) పంపుతారు. నాళం తెరుచుకునే చోట పైపొర కిందికి సన్నని సూది దించి డెక్స్‌ట్రానోమర్, హైలురోనిక్ ఆమ్లం కలిసిన జెల్‌ను కొద్దికొద్దిగా వదులుతారు. అక్కడ చిన్న గుట్టలా ఉబ్బి, గుండ్రంగా నోరు తెరుచుకున్న రంధ్రం సన్నని చీలికలా మారాలి. పట్టే జెల్ ఒకటి రెండు మిల్లీలీటర్లే. చాలామంది ఆ రోజో, మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు.

చెప్పినంత సులువు మాత్రం కాదు. మార్చిన కిడ్నీ నాళం తరచూ మూత్రాశయం పైకప్పు వైపు తెరుచుకుంటుంది. సూదికి సరైన కోణం దొరకదు, చుట్టూ మచ్చకట్టిన కణజాలం, గుట్టకు వెనక ఆనుడు తక్కువ. అందుకే చిన్నపిల్లల్లో వచ్చినంత మంచి ఫలితం ఇక్కడ రాదు. రెండోసారి ఎక్కించాల్సి రావచ్చు. అయినా ముందు దీన్నే ప్రయత్నించడం సబబని మా అభిప్రాయం. ఇది విఫలమైతే ఆపరేషన్ చేసి నాళాన్ని మళ్లీ అమర్చడమో, సొంత మూత్రనాళానికి కలపడమో చేసే దారి ఉండనే ఉంది.

ప్రశ్న: జెల్ ఎక్కించాక దేనికి భయపడాలి?

జవాబు: నాళం మరీ బిగుసుకుపోవడానికి. మార్చిన కిడ్నీకి నరాలు తెగి ఉంటాయి కాబట్టి అడ్డు పడినా నొప్పి తెలియకపోవచ్చు. ‘నొప్పి లేదుగా’ అని ఊరుకోవద్దు. మూత్రం తగ్గినా, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష అంకె) పెరిగినా అదే రోజు అల్ట్రాసౌండ్ చేయించాలి. కిడ్నీ ఉబ్బి ఉంటే నాళం తెరిచి ఉంచే సన్నని గొట్టం (స్టెంట్) వేయడమో, వీపున కాకుండా పొట్ట మీది నుంచి కిడ్నీలోకి గొట్టం పెట్టడమో చేస్తారు. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటితే సొంతంగా మాత్రలు కొనొద్దు. క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు, కిడ్నీని శరీరం తిరస్కరించకుండా (రిజెక్షన్) వాడే టాక్రోలిమస్ స్థాయిని రక్తంలో అమాంతం పెంచేస్తాయి.

జెల్ ఎక్కించే ముందు మూత్రం కల్చర్‌లో క్రిములు లేవని తేలాలి. ఆస్పిరిన్, రక్తం పల్చబడే మందులు ఎప్పుడు ఆపాలో డాక్టరే చెప్పాలి. రిజెక్షన్ రాకుండా వాడే మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా తప్పకూడదు. సుమారు మూడు నెలలకు మళ్లీ ఎమ్‌సీయూ చేస్తారు.

ప్రశ్న: ఇన్ఫెక్షన్లు ఏమీ లేవు, కానీ రిఫ్లక్స్ ఉందన్నారు. జెల్ ఎక్కించుకోవాలా?

జవాబు: అక్కర్లేదు. క్రియాటినిన్ నిలకడగా ఉంటే గమనిస్తూ ఉంటే చాలు.

జెల్ ఎక్కించుకున్నవాళ్లు ఆ విషయం రాసి ఉన్న ఆస్పత్రి కాగితం పారేయొద్దు. ఏళ్లు గడిచాక ఆ గుట్టలో సున్నం పేరుకుని, సీటీ స్కాన్‌లో నాళం చివర రాయిలా కనిపించవచ్చు. విషయం తెలియని డాక్టరు లేని రాయికి వైద్యం మొదలుపెట్టే ప్రమాదముంది.