చిట్టీ, యోబు దగ్గర కాస్త ఆగు

చిట్టీ,

ఈస్టర్‌కు ముందు వచ్చే ఈ శ్రమల దినాల్లో సువార్తలూ కీర్తనలూ పక్కనపెట్టి, బైబిల్లో ఎవరూ తెరవని పుస్తకాలు చదువుతానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం పట్టలేక రెండోసారి టీ పెట్టుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

లేవీయకాండంతో మొదలుపెట్టకు, బలుల దగ్గరే ఆగిపోతావు. ఓబద్యా ప్రవక్త పుస్తకం తియ్యి, మొత్తం 21 వచనాలే. అతనిలా చిన్న పుస్తకాలున్న ‘చిన్న ప్రవక్తలు’ పన్నెండుమందివీ కలిపి 67 అధ్యాయాలు. రోజుకు రెండు చాలు. సంఖ్యాకాండంలో పేర్ల పట్టీలకు విసుక్కోకు. 27వ అధ్యాయంలో సెలోపెహాదు కూతుళ్లు అయిదుగురూ మోషే ముందు నిలబడి, నాన్న స్వాస్థ్యంలో మాకూ వాటా ఇమ్మంటారు. వాళ్లు అడిగింది న్యాయమే అన్నాడు దేవుడు. మా అన్నదమ్ములకు ఆ అధ్యాయం ఎవరూ చదివి వినిపించలేదు! పడుకుని ఫోన్లో చదవకు, కళ్లు పోతాయి.

ఇక యోబు. ఏ తప్పూ చెయ్యకుండానే ఆస్తీ, పిల్లలూ, ఆరోగ్యమూ పోగొట్టుకున్న మనిషి. ఓదార్చడానికి ముగ్గురు స్నేహితులు వస్తారు.

సండే స్కూల్లో ఆ కథ ఎన్నేళ్లు చెప్పానో. మొదటి రెండు అధ్యాయాలూ, చివరిదీ. మధ్యలో ఏముందో నేనే చదవలేదు. ఆ రోజుల్లో మన వెనక వీధిలో ఒకామెకు పదేళ్ల కొడుకు జ్వరంతో పోయాడు. నాలుగో రోజు వెళ్లి, చెయ్యి పట్టుకుని, "తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు" అని చెప్పొచ్చాను. అంటే, చెప్పి రాబోయాను. యోబు పుస్తకంలోదే, మన హాల్లో క్యాలెండర్ మీద ఉండే వాక్యమే. గృహప్రవేశానికీ, కొత్త కొట్టుకీ అందరం చెప్పుకునేదే.

ఆమె బైబిలు తెప్పించుకుని యోబు 8వ అధ్యాయం తీసింది. ఏడో వచనం నుంచి పైకి వెళ్లి నాలుగు దగ్గర వేలు ఆపింది. నీ పిల్లలు పాపం చేశారేమో, అందుకే దేవుడు వాళ్లను అప్పగించాడేమో అని ఉందక్కడ.

"నా బిడ్డ ఏం చేశాడక్కా?" అంది.

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఆ రాత్రే మొత్తం 42 అధ్యాయాలూ చదివాను. ఆ క్యాలెండర్ వాక్యం దేవుడి మాట కాదే, ఆ స్నేహితుల్లో ఒకడైన బిల్దదు యోబుతో అన్న మాట! నువ్వూ నీ ఇద్దరు స్నేహితులూ నా గురించి సరిగా మాట్లాడలేదని చివర్లో దేవుడు ఇంకో స్నేహితుడు ఎలీఫజు మీద కోప్పడతాడు. అదే స్నేహితులు మొదట్లో ఏడు రోజులు నోరెత్తకుండా యోబు పక్కన నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది.

మర్నాడు వెళ్తే ఆమె తలుపు తియ్యలేదు. అరుగు మీద కాసేపు కూర్చుని వచ్చాను. రోజూ అంతే. వారం దాటాక ఒకరోజు మంచినీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి, ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది.

నీకూ నా నోరే వచ్చింది. నచ్చిన వచనం దొరగ్గానే స్టేటస్‌లో పెట్టేస్తావు. ఎవరు అన్నారో, ఎవరితో అన్నారో చూశాకే పెట్టు తల్లీ. అర్థం కాకపోతే ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా ఎత్తుతాను.

నా పెద్దక్షరాల బైబిలు మీ మామయ్యతో పంపుతున్నాను. యోబు 8 దగ్గర రెండు పేజీలు అతుక్కుని ఉంటాయి, మెల్లగా విడదియ్యి. ఆ రాత్రి కరెంటు లేదు, కొవ్వొత్తి కారింది.

అమ్మమ్మ